పాలపళ్ల మీద పడ్డ నింద

1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో 5,016 చావులకి రాసిన కారణం: పళ్లు రావడం. పసిపిల్లల్ని విరేచనాలు తీసుకుపోయినా, జ్వరం తీసుకుపోయినా, అదే వయసులో పళ్లు మొలుస్తాయి కాబట్టి నేరం వాటి మీదకే పోయేది.

నేరం మోపాక చికిత్స కూడా కావాలి కదా. పదహారో శతాబ్దంలో ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే చిగురు కోయమన్నాడు; ఆ పద్ధతి మూడొందల ఏళ్లు నడిచింది. 1849లో అమెరికాలో ‘మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్’ వచ్చింది. తాగిన బిడ్డ ఏడుపు మానేది. అందులో ఉన్నది మార్ఫిన్ మరి! కొందరు పిల్లలు ఆ నిద్రలోంచి లేవనేలేదు. మార్ఫిన్ ఉందని సీసా మీద రాయాల్సిందేనని చట్టం వచ్చింది 1906లో.

బ్రిటన్‌లో పళ్లు వచ్చే పిల్లలకి పట్టే పొడుల్లో పాదరసం కలిసేది. పిల్లల చేతులు, పాదాలు గులాబీ రంగుకి తిరిగి, పొట్టు రాలేవి. దాన్ని ‘పింక్ డిసీజ్’ అన్నారు. 1954లో ఆ పొడుల్లోంచి పాదరసం తీసేశాక జబ్బు దాదాపు కనుమరుగైంది.

ఇవన్నీ కొన్నది బిడ్డ ఏడుపు చూడలేని తల్లులే. నిజానికి చిగురు నొప్పికి కావాల్సింది కొంచెమే: శుభ్రంగా కడుక్కున్న వేలితో మెల్లగా రుద్దడం, తడిపి చల్లబరిచిన మెత్తటి గుడ్డ కొరకనివ్వడం. మొద్దుబార్చే బెంజోకైన్ జెల్ రెండేళ్లలోపు పిల్లలకి వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది.

పాత నింద మాత్రం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ‘పళ్లొస్తున్నాయి, విరేచనాలు మామూలే’ అంటూనే ఉంటాం. గట్టి జ్వరం, విరేచనాలు పళ్ల వల్ల రావు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి.