యాడికి ఆకుతోటల నీడ

అనంతపురం చరిత్ర రాసేవాళ్లు కరువుతో మొదలుపెట్టి వేరుశనగతో ముగిస్తారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఎర్రనేల, మండుటెండ. ఆ కథలో మా యాడికి ఆకుతోటలకు చోటు దొరకదు. దొరికినా, బావుల్లో నీళ్లుండబట్టి తమలపాకు పండిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ తోటలను నిలబెట్టినదాంట్లో నీళ్లతో పాటు నీడకూ సమాన వాటా ఉందని నా వాదన. ఆ నీడ కూడా రైతు విత్తి పెంచుకున్నదే. తాంబూలానికి గిరాకీ ఈ సీమలో పాతది: 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ దాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ ఆకు యాడికిదేనని అనను. కానీ ఇంత ఎండలో ఆకు పండించే విద్య ఒక్క తరంలో అబ్బేది కాదు.

తోట వేసేవాడు ముందు అవిసె విత్తుతాడు. అది ఎదిగాకే తీగ నాటి దానికి పాకిస్తాడు. అవిసె ఆకులు చిన్నవి కనుక ఎండ పూర్తిగా ఆగదు, పలచబడి దిగుతుంది. పప్పుజాతి చెట్టు కావడంతో నేలకు నత్రజని చేరుతుంది, కొట్టిన రెమ్మ మేకలకు మేతవుతుంది. వానాకాలంలో కొమ్మలు కొట్టి వెలుతురు రానివ్వకపోతే తేమకు తెగులు పట్టుకుంటుంది. నీళ్లుంటే చాలనేవాళ్లు ఒకటి గమనించాలి. తమలపాకు అడవి నీడలో పుట్టిన తీగ. వేసవి వడగాలిలో ఆకు విడిచే తేమ వేళ్లు తోడేదాన్ని మించితే, సాళ్ల నిండా నీళ్లున్నా ఆకు మాడుతుంది. నీడలో అదే ఆకు వెడల్పుగా, పలుచగా, లేతగా వస్తుంది. ఆకునే అమ్ముకునే తేయాకులోనూ నీడ విలువ తెలుసు. జపాన్‌లో గ్యొకురో తోటలను కోతకు ముందు సుమారు 20 రోజులు కప్పి ఉంచుతారు. వేళ్లలో తయారై ఆకుకు చేరిన థియనిన్ ఎండ తగిలితే వగరిచ్చే కాటెకిన్‌లుగా మారుతుంది, నీడలో చాలావరకు అలాగే మిగిలి రుచి కమ్మగా ఉంటుంది. తమలపాకు ఘాటు యూజినాల్ వంటి తైలాలది, అందులో రకానికీ వాటా ఉంది. రెండింటి రసాయనం ఒకటేనని చెప్పలేం.

నీడ అంత మంచిదైతే శెనక్కాయ చేలల్లో చెట్లెందుకు కొట్టేశారని అడగవచ్చు. అక్కడ అమ్మేది గింజ. ఊడలు దిగి కాయ ఊరే వేళ ఎండ తగ్గితే గింజ నిండదు. కాబట్టి చెట్టు కొట్టిన రైతుది అజ్ఞానం కాదు. ఒక పంట అవసరాన్ని మొత్తం సీమ స్వభావంగా రాసేయడమే తప్పు. కరువు నష్టం కూడా రెండు చోట్లా ఒకటి కాదు. శెనక్కాయ ఎండితే రైతు మరుసటి తొలకరికి మళ్లీ విత్తుతాడు. బోరు ఎండి ఆకుతోట పోతే ముందు అవిసె ఎదగాలి, తర్వాత తీగ పాకాలి, ఆపైనే ఆకు కోత.