బ్యాడ్ టైమ్స్ ఎట్ ది ఎల్ రోయాల్

‘బ్యాడ్ టైమ్స్ ఎట్ ది ఎల్ రోయాల్’ 2018లో వచ్చిన అమెరికన్ థ్రిల్లర్ చిత్రం. రచన, దర్శకత్వం డ్రూ గోడార్డ్. 1969లో ఒక వానరాత్రి, కళ తప్పిన ఒక హోటల్లో ఒకరికొకరు ఏమీ కాని కొందరు దిగుతారు. తెల్లారేసరికి వాళ్లలో ఎక్కువమంది బతికి ఉండరు. జెఫ్ బ్రిడ్జెస్, సింథియా ఎరీవో, డకోటా జాన్సన్, జాన్ హామ్, కేలీ స్పేనీ, లూయిస్ పుల్‌మన్, క్రిస్ హెమ్స్‌వర్త్ ముఖ్య పాత్రధారులు. నిడివి 141 నిమిషాలు. ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ సంస్థ 2018 అక్టోబర్ 12న అమెరికా థియేటర్లలో విడుదల చేసింది.

కథాస్థలం

ఎల్ రోయాల్ కల్పిత హోటల్. అయితే దాని పోలికలు నిజమైన కాల్ నేవా లాడ్జ్‌వి. టాహో సరస్సు ఉత్తరపు ఒడ్డున, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద 1926లో వెలసిన విలాస కేంద్రం అది. రాష్ట్రాల గీత ఆ భవనం మధ్యగానే పోయేది. 1960లో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా దానిలో వాటా కొన్నాక హాలీవుడ్ తారల రాకపోకలు పెరిగాయి. మాఫియా నాయకుడు శామ్ జియాంకానా అక్కడ బస చేసిన సంగతి బయటపడడంతో 1963లో సినాట్రా జూద లైసెన్సు పోయింది.

సినిమాలోని హోటల్ కూడా జూద లైసెన్సు పోగొట్టుకున్నదే. లాబీ నడుమ నేల మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. దానికి అటు నెవాడా, ఇటు కాలిఫోర్నియా. ఏ రాష్ట్రంలో పడుకుంటారో అతిథులే చెప్పాలి. కాలిఫోర్నియా వైపు గదికి ఒక డాలర్ ఎక్కువ. సరదాగా కనిపించే ఈ ఏర్పాటే కథకంతా పునాది. లోపల అడుగుపెట్టిన దాదాపు ప్రతివాడికీ రెండు ముఖాలున్నాయి. ఎవరు ఏ వైపు నిలబడ్డారో తేలడానికి చాలాసేపు పడుతుంది.

కథ

మొదటి సన్నివేశం 1959 నాటిది. ఫెలిక్స్ అనే మనిషి గదిలోకి వచ్చి తలుపు గడియ పెడతాడు. సామాను పక్కకు జరిపి, తివాచీ చుట్టి, నేల చెక్కలు ఊడదీసి, డబ్బు సంచీ లోపల పెట్టి, మళ్లీ అన్నీ యథాస్థానంలో సర్దుతాడు. ఆ తర్వాత తలుపు తీసి తనకోసం వచ్చినవాడి చేతిలో తుపాకి దెబ్బకు చస్తాడు. కెమెరా మాత్రం కదలదు, గదినంతా ఒకే కోణంలో చూస్తూ ఉండిపోతుంది. హోటల్ రహస్యం తెలిశాక ఈ సన్నివేశం మళ్లీ గుర్తొస్తుంది: అప్పుడు కూడా మనం ఏ అద్దం వెనకో నిలబడి చూశామా అనిపిస్తుంది.

పదేళ్ల తర్వాత నలుగురు వస్తారు. ఫాదర్ ఫ్లిన్ (బ్రిడ్జెస్) అనే, క్యాథలిక్ పాదిరి దుస్తుల్లో ఉన్న పెద్దమనిషి. డార్లీన్ స్వీట్ (ఎరీవో) అనే నల్లజాతి గాయని. సలివాన్ (హామ్) అనే నోటిదురుసు వాక్యూమ్ క్లీనర్ల సేల్స్‌మన్. రిజిస్టరులో పేరు రాయడానికి ఒప్పుకోని ఎమిలీ (జాన్సన్). హోటల్ మొత్తానికి ఉన్న ఒకే ఒక ఉద్యోగి మైల్స్ (పుల్‌మన్), మత్తుమందుకు అలవాటుపడ్డ కుర్రవాడు.

సలివాన్ అసలు ఎఫ్‌బీఐ మనిషి. గదిలో దాచిన మైకులు ఏరేయడానికి వచ్చాడు. తన మైకులతో పాటు వేరెవరో పెట్టినవీ బయటపడతాయి. వెతుక్కుంటూ వెళితే గదుల వెనక ఒక రహస్య నడవా కనిపిస్తుంది. ప్రతి గదిలోని నిలువుటద్దం ఆ నడవా వైపు నుంచి కిటికీలా పనిచేస్తుంది. లోపలివాళ్లకు మాత్రం తమ ముఖమే కనిపిస్తుంది. పేరున్న అతిథులను రహస్యంగా ఫిల్ము తీసి యాజమాన్యానికి పంపడం మైల్స్ పని. ఎమిలీ ఒక అమ్మాయిని కట్టేసి ఉంచడం సలివాన్ ఆ నడవాలోంచే చూస్తాడు. ఆ అమ్మాయి జోలికి పోవద్దని పైనుంచి ఆదేశం వచ్చినా మనసు ఒప్పక విడిపించడానికి వెళ్లి, ఎమిలీ తుపాకికి బలవుతాడు. నిజానికి బందీగా ఉన్నది ఎమిలీ చెల్లెలు రోజ్ (స్పేనీ). బిల్లీ లీ (హెమ్స్‌వర్త్) అనే గురువు మాయలో పడిన పిల్లను అక్క బలవంతంగా తీసుకొచ్చేసింది. చొక్కా గుండీలు పెట్టుకోని, తియ్యగా మాట్లాడే ఈ గురువును చూస్తే ఆ ఏడాదే హత్యలు చేయించిన చార్లెస్ మాన్సన్ గుర్తుకు రాక మానడు.

ఫ్లిన్ కూడా పాదిరి కాదు. ఫెలిక్స్ అన్న డాక్ ఓకెల్లీ, శిక్ష అనుభవించి బయటికొచ్చిన బ్యాంకు దొంగ. తమ్ముడు దాచిన సొమ్ము కోసమే వచ్చాడు గానీ జ్ఞాపకశక్తి తగ్గిపోతూ ఉండడంతో ఏ గదో తేల్చుకోలేకపోతున్నాడు. కథలో మోసం చేయడానికి రానిది డార్లీన్ ఒక్కతే. రీనోలో పాడే పని దొరికింది, చౌకగా ఒక రాత్రి గడవాలి, అంతే.

పాట, అద్దం

ఈ చిత్రాన్ని మామూలు తుపాకుల కథల నుంచి వేరుచేసేది డార్లీన్ గొంతు. ఎరీవో పాటలను చిత్రీకరణ సమయంలోనే పాడింది, పెదవులు కదిపి ఊరుకోలేదు. సలివాన్ నడవాలో ఒక్కో అద్దం దాటుతుండగా ఒక గదిలో డార్లీన్ సాధన చేస్తూ ఉంటుంది. కెమెరా చాలాసేపు కట్ లేకుండా అతని వెంటే నడుస్తుంది. దొంగచాటుగా చూస్తున్నవాడు కూడా ఆ పాటకు కాసేపు ఆగిపోతాడు.

అంతకన్నా గొప్పది తర్వాతి ఘట్టం. డబ్బు డార్లీన్ గది నేల కింద ఉంది. అద్దం అవతల ఎమిలీ తుపాకితో కాపు కాస్తోంది. డార్లీన్ అద్దానికి ఎదురుగా నిలబడి సుప్రీమ్స్ బృందం పాట ఎత్తుకుంటుంది. చప్పట్లతో తాళం వేస్తుంది. ఆమె చప్పట్లు పడే క్షణానికే ఓకెల్లీ నేల చెక్కల మీద దెబ్బ వేస్తాడు. తాళం ఒక్కటి తప్పితే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే. పాట ఆగడానికి వీల్లేదు, గొంతు వణకడానికి వీల్లేదు. ఉత్కంఠ అంటే పరుగులు, పేలుళ్లు అనుకునేవాళ్లు ఈ కొద్ది నిమిషాలు చూసి తీరాలి. చూసేవాళ్లతో నిండిన ఈ హోటల్లో, ఒకరి శబ్దాన్ని ఒకరు శ్రద్ధగా వింటున్న మనుషులు వీళ్లిద్దరే. వాళ్ల మధ్య నమ్మకం మాటల్లో కాక ఆ తాళంలో కుదురుతుంది.

మైల్స్ కథ కూడా ఇదే తోవలో నడుస్తుంది. దొంగ పాదిరి కనబడినప్పటి నుంచీ తన పాపాలు వినమని వెంటపడతాడు. చివరికి తెలుస్తుంది: వియత్నాంలో దూరం నుంచి గురిపెట్టే సైనికుడిగా అతను 123 మందిని చంపాడు. ప్రాణం పోతున్న ఆ కుర్రవాడి ముందు ఓకెల్లీ నిజం చెప్పకుండా, పాదిరిగానే నిలబడి పాపక్షమాపణ పలుకుతాడు. ఆ రాత్రి అతను వేసిన వేషంలో దయకు పనికొచ్చిన క్షణం ఇదొక్కటే. బ్రిడ్జెస్, పుల్‌మన్ ఇక్కడ ఎంతో తగ్గి నటించారు.

బిల్లీ లీ వచ్చాక నడక కొంత మందగిస్తుందన్నది నిజం. రౌలెట్ చక్రం తిప్పి ఎరుపా నలుపా అని ప్రాణాలతో ఆడే దృశ్యం భయపెడుతుంది గానీ, అతని ఉపన్యాసాలు సాగుతాయి. ఆ సాగదీతకు కూడా డార్లీనే జవాబు చెబుతుంది. ఇలాంటి మగవాళ్ల మాటలు వినీ వినీ విసిగిపోయానని ఆమె నెమ్మదిగా అనేసరికి అతని ఆకర్షణ అంతా ఆవిరైపోతుంది. అంతకుముందు ఆమె గతంలో వచ్చే సంగీత నిర్మాత (జేవియర్ డోలన్) బెదిరింపు ఈ మాటలకు బలమిస్తుంది.

అప్పటికే చనిపోయిన ఒక ప్రముఖుడి రహస్య ఫిల్ము రీలు కూడా కథలో ఉంది. అతనెవరో పేరు చెప్పకుండానే, దాన్ని అమ్ముకుంటే సంచీలోని డబ్బుకన్నా ఎక్కువ వస్తుందని పాత్రలకు తెలుసు. దాన్ని వాళ్లేం చేశారన్నది చిత్రంలోని తీర్పుల్లో ముఖ్యమైనది.

నిర్మాణం

దర్శకుడిగా గోడార్డ్ తొలి చిత్రం ‘ది కేబిన్ ఇన్ ది వుడ్స్’. అందులోనూ హెమ్స్‌వర్త్ నటించాడు, అందులోనూ మనుషులను చాటుగా గమనించేవాళ్లున్నారు. ‘ది మార్షియన్’ స్క్రీన్‌ప్లేకు గోడార్డ్ ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. ‘ఎల్ రోయాల్’ కోసం కెనడాలోని వాంకూవర్ పక్కన బర్నబీలో హోటల్ సెట్ వేశారు. కళాదర్శకుడు మార్టిన్ విస్ట్. లాబీ, గదులు, వెనక నడవా ఒకదానికొకటి కలిసి ఉండడం వల్లే కెమెరా అంత స్వేచ్ఛగా తిరిగింది. ఛాయాగ్రాహకుడు షేమస్ మెక్‌గార్వే డిజిటల్ కాకుండా 35 ఎంఎం ఫిల్ము వాడాడు. నేపథ్య సంగీతం మైఖేల్ జియాకినో. కథను గదుల పేర్లతో అధ్యాయాలుగా విడగొట్టి, ఒకే సంఘటనను వేర్వేరు గదుల నుంచి మళ్లీ చూపించారు.

ఆదరణ

సుమారు 3.2 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన చిత్రానికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు అంతే వసూలైంది. థియేటర్ల వాటా పోగా అది నష్టమే. విమర్శకులు నటనను, దృశ్య నిర్మాణాన్ని మెచ్చుకున్నారు, నిడివి ఎక్కువైందన్నారు. అప్పటికే ‘ది కలర్ పర్పుల్’ నాటకంతో టోనీ పురస్కారం పొందిన ఎరీవోకు థియేటర్లలోకి వచ్చిన తొలి చిత్రం ఇదే. మరుసటి ఏడాది వచ్చిన ‘హారియెట్’ చిత్రానికి ఆమె ఉత్తమ నటి, ఉత్తమ గీతం విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు అందుకుంది. పుల్‌మన్ 2022లో ‘టాప్ గన్: మావెరిక్’లో కనిపించాడు. స్పేనీ 2023లో ‘ప్రిసిల్లా’ చిత్రానికి వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటిగా ఎంపికైంది.