గుజ్జెనగూళ్లు

గుజ్జెనగూళ్లనఁగాఁ బిల్లలు ఆటకై వండుకొను కూళ్లు. 15వ శతాబ్దమునఁ బోతన భాగవతమున రుక్మిణి బాల్యక్రీడలను వర్ణించుచు, బొమ్మపెండ్లిండ్లతోపాటు వీనినిఁ జేర్చెను. మనుమరాలు లక్కపిడతలో నిసుకయన్నము వండుచుండఁగా, అవ్వ చిన్నచట్టిలోఁ బిడికెడు నూకలు పోయించి, ఎసరు వ్రేలికణుపుతోఁ గొలుచుట చూపి, గంజివార్పు మాత్రము తనచేతనే యుంచుకొనెడిది. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పిన కాలమున, చదివిన పిల్ల వంట మఱచునని శంకించువారు లేకపోలేదు. మా శంక వేఱు: ఆ పొయ్యికడ మనుమఁడేఁడీ? భీముఁడు వలలుఁడై విరాటుని వంటయింటను, నలుఁడు బాహుకుఁడై ఋతుపర్ణుని కొలువునను వండిన కథలు తాతలే చెప్పిరి. గరిటెను మాత్రము మనుమల చేతికీయరైరి. నేఁడు అమెరికాకుఁ జదువఁబోయిన యట్టి మనుమలే, చారునకెంత చింతపండో తెలియక, అవ్వకు ఫోను చేయుచున్నారు. ఆమె కొలత నిమ్మకాయంత యనియే.