దామెర్ల వారి చిత్రశాల

రాజమండ్రి వెళ్తే మనం ఏం చేస్తాం చెప్పండి? గోదావరిలో మునుగుతాం, మార్కండేయస్వామి దర్శనం చేసుకుని రైలెక్కేస్తాం. ఈసారి ఓ గంట దామెర్ల రామారావు గారి చిత్రశాలకు ఉంచుకోండి.

ఆయన 1897లో పుట్టారు. ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర కుర్రవాడి చేతిలో విద్య కనిపెట్టి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూలులో చదివొచ్చి, సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచికం తీసుకుపోయింది. నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు! స్నేహితులు వరదా వెంకటరత్నం గారు పూనుకోబట్టి ఆ బడి నిలిచింది.

'పుష్పాలంకారం' దగ్గర కాసేపు నిలబడండి. పూలతో సింగారించుకునే ఆ స్త్రీలు మనకు తెలిసిన మనుషుల్లాగే ఉంటారు.

అందరూ రామారావు గారి పేరే చెప్తారు. భార్య సత్యవాణి గారూ, సోదరి బుచ్చికృష్ణమ్మ గారూ కూడా కుంచె పట్టినవారే. ఆ కాలంలో సంసారి స్త్రీ రంగులు కలుపుతూ కూర్చోవడం చిన్న విషయమా? అక్కడున్నవారిని అడిగి వాళ్ళ బొమ్మలు చూపించమనండి. మొహమాటపడకండి.

బయటికొచ్చాక కందుకూరి వీరేశలింగం గారి విగ్రహం కూడా చూడండి. 1881 డిసెంబరులో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే.