ఛాయాచిత్రములను దిద్దు పనిముట్లు – వాని పూర్వకథ



నేడు పట్టణములోని ఫొటో స్టూడియోకు పోయి, మాసి చినిగిన తాతగారి పటము నిచ్చి బాగుచేయుమన్నచో, అచ్చటి పనివాడు కుంచెను చేతబట్టడు. కంప్యూటరు ముందు కూర్చుండి, 'ఫొటోషాప్' వంటి సాఫ్టువేరును తెరచి, తెరపై ఒక ప్రక్కన వరుసగా నున్న చిన్న గుర్తులను నొక్కుచు పని ముగించును. ఆ గుర్తులలో నొకటి పుల్లకు గ్రుచ్చిన బిళ్ల. ఒకటి వ్రేళ్లు ముడిచిన చేయి. మరియొకటి ఒకదానిపై నొకటి యుంచిన రెండు మూలమట్టములను బోలియుండును. ఇవి యంత్రముతో పుట్టినవి కావు. వెనుకటి చేతిపనికి మిగిలిన యానవాళ్లు. ఆ చేతిపని తెలిసినవాడు తన యింటి పటమునకు ఏమి జరుగుచున్నదో అడిగి తెలిసికొనగలడు.

ఛాయాచిత్ర విద్య 1839లో, ఫ్రాన్సు దేశస్థుడగు దగేర్ యొక్క విధానము వెల్లడియగుటతో, లోకమునకు తెలిసెను. 1841లో ఇంగ్లండునందు టాల్బట్ పేటెంటు పొందిన విధానమున మొదట వెలుగునీడలు తారుమారైన నెగెటివు వచ్చును. దానినుండి కాగితముపై ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. ఇచ్చట నొక్క సూత్రమును జ్ఞాపకముంచుకొనవలెను. వెలుగు సోకిన కొలది ఆ కాగితము నల్లబడును.

చీకటిగదిలో ప్రతి తీయునపుడు ముఖము మరీ నల్లనగునని తోచినచో, తీగకు కట్టిన అట్టబిళ్లను ఆ చోటికి అడ్డముగా నాడించుచుండిరి. వెలుగును తప్పించుట గనుక దానికి 'డాడ్జ్' అని పేరు. ఆకాశము వెలవెలబోయినచో, తక్కిన పటమును కప్పి, ముడిచిన చేతి సందునుండి అచ్చోటికే మరికొంత వెలుగును విడుచుచుండిరి. అది 'బర్న్', అనగా కాల్చుట. తెరపై కాల్చు పనిముట్టు నల్లదనమును పెంచుట కిదియే కారణము. మూలమట్టముల గుర్తు 'క్రాప్'. రెండు అట్టముక్కలను ప్రతిపై జరుపుచు, ఎంత ఉంచవలెనో ఎంత కత్తిరింపవలెనో నిర్ణయించెడివారు.

'అన్‌షార్ప్ మాస్క్' అను పేరు మాత్రము అలంకారశాస్త్రము చదివినవానికి విపరీతలక్షణ వలె తోచును. మసక ముసుగని పేరు, స్పష్టతను పెంచుట పని! పూర్వము నెగెటివునుండి కావలెననియే మసకగా నొక పాజిటివును చేసి, ఆ రెంటిని జతపరచి ప్రతి తీసెడివారు. అపుడు విశాలమైన వెలుగునీడల వ్యత్యాసము తగ్గి, అంచులు తేటపడును. మసకగా నుండునది ముసుగే గాని పటము కాదు. పేరు పెట్టినవాడు పొరబడలేదు.

ఇంతవరకు చెప్పిన పనులన్నియు పటములో నున్నదానిని వెలికి తెచ్చునవి. లేనిదానిని చేర్చుటయు తొలినాళ్లలోనే మొదలయ్యెను. అప్పటి పలకలు నీలివెలుగునకు అతిగా లొంగుటచే ఆకాశము తెల్లగా మాసిపోవుచుండెను. అందుచే 1850ల దశకమున గుస్తావ్ ల గ్రే సముద్రమును ఒక నెగెటివునుండియు, మేఘములను వేరొక నెగెటివునుండియు తెచ్చి ఒక్క పటముగా చేసెను. 1857లో రెయిలాండర్ ముప్పదికి పైగా నెగెటివులను కూర్చి ఒక పెద్ద చిత్రమును సంతరించెను. ఇది వినోదము. సోవియట్ దేశమున జరిగినది వేరు. 1937లో మాస్కో కాలువ గట్టున స్టాలిను ప్రక్కన రహస్య పోలీసు అధిపతి యెజోవ్ నిలిచిన పటము గలదు. 1940లో వానికి మరణశిక్ష పడెను. పిమ్మట వెలువడిన ప్రతిలో వాడున్న చోట నీరు మాత్రమే కానవచ్చును. అది కంప్యూటరు చేసిన పని కాదు.

పటము అంకెలుగా మారినది 1957లో. అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ పటమును అడ్డమునకు 176, నిలువునకు 176 చుక్కలుగా విడదీసి యంత్రమున కెక్కించెను. ఆ చుక్కకు 'పిక్సెల్' అను పేరు 1965లో అచ్చున కెక్కెను. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్ పటములను తెరపై చూపు సాఫ్టువేరు నొకదానిని వ్రాయగా, సోదరుడు జాన్ తోడ్పడి దానిని పెంచెను. 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ దానినే ఫొటోషాప్ పేర వెలువరించెను.

అందులో రబ్బరుముద్ర గుర్తు గల పనిముట్టు ఒక చోటి చుక్కలనెత్తి వేరొక చోట అద్దును. తాతగారి పటములో ఎడమచెవిని చెదలు తినివేసినవనుకొందము. పనివాడు కుడిచెవిని ఎత్తి, త్రిప్పి, అచ్చట నతికించును. చూపునకు ముచ్చటగా నుండును. కాని యది తాతగారి ఎడమచెవి కాదు. ఆ చెవికి పోగుండెనో లేదో ఇక మనుమలకు తెలియదు. 2023లో వచ్చిన కృత్రిమమేధ పనిముట్టు మరియొక అడుగు ముందునకు వేసినది. ఎవరిదియు కాని చెవిని పోగుతోసహా కల్పించి యీయగలదు.

తాళపత్రములను పరిష్కరించినవారు ఈ చిక్కు నెరుగుదురు. శిథిలమైన చోట చుక్కలు పెట్టి విడుచువాడొకడు. తన పూరణమును కుండలీకరణములలో చూపువాడు వేరొకడు. తన పద్యపాదమును జొప్పించి మిన్నకుండువాడు మూడవవాడు. వానివలననే ప్రక్షిప్తములు పుట్టినవి. నా మట్టుకు, 1994లో ఫొటోషాప్‌లో చేరిన 'లేయర్', అనగా పొర, ఈ పనిముట్లన్నింటిలో మేలైనది. మూలపటము అడుగుపొరగా చెక్కుచెదరక యుండును. చెవి యతుకు పైపొరగా నుండును. పైపొరను మరుగుపరచినచో చెదలు తిన్న తావు మరల అగపడును. పని ముగిసిన పిమ్మట పొరలన్నింటిని ఒక్కటిగా కలిపివేసి భద్రపరచినచో ఈ మేలు పోవును. స్టూడియోవారు సామాన్యముగా ఇచ్చునది ఆ కలిపిన ప్రతినే. కావున పటము నిచ్చునపుడే మూడు వస్తువులను అడుగవలెను: పాత అట్టపటము తిరిగి రావలెను, దిద్దక ముందు స్కాను చేసిన ప్రతి కావలెను, పొరలు విడివిడిగా నున్న ప్రతి కావలెను. ఒక చిన్న పెన్‌డ్రైవులో ఇవి పట్టును.