లెక్కకు సరితూకం: కలువాయి సీమ కరణాల నుంచి నిరూపణ యంత్రాల దాకా

కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలతో కూడిన పశ్చిమ నెల్లూరు సీమలో ఇంటి స్థలాన్ని అంకణాల్లోనూ వడ్లను పుట్లలోనూ చెప్పుకునే అలవాటు నేటికీ పోలేదు. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఉండే జాగా పేరుగా మొదలైన అంకణం నెల్లూరు వాడుకలో 72 చదరపు అడుగులు కాగా, ఆ లెక్కన ఎకరానికి సరిగ్గా 605 అంకణాలు వస్తాయి. తిరుపతి వైపు అదే మాటకు అర్థం 36 చదరపు అడుగులే. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, మరో జిల్లాలో పుట్టి మరోలా ఉంటుంది. కొలత ఊరిని బట్టి మారుతున్నప్పుడు లెక్క తెలిసినవాడికి అధికారం దక్కడం సహజం, గ్రామంలో ఆ అధికారం తరతరాలుగా ఊరి లెక్కలు రాసే కరణానిది.

కరణాల గణితానికి తెలుగులో ఆధారమైన గ్రంథం 11వ శతాబ్దిలో, రాజరాజ నరేంద్రుని కాలంలో పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితం, అంటే జనం పావులూరి గణితమని పిలుచుకున్న పద్యకావ్యం. ఇది 9వ శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుని సంస్కృత గ్రంథానికి అనుసరణ. అయితే మల్లన మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు చేర్చి, లెక్కలను తెలుగువారి వాడుకకు దగ్గర చేశాడు. సూత్రం పద్యంలో ఉంటే నోటికి వస్తుంది, నోటికి వచ్చినది చేతికి వస్తుంది అన్నది ఆనాటి వీధిబడుల నమ్మకం. ఎందుకలా చేయాలో అడిగే అవకాశం ఆ పద్ధతిలో తక్కువన్న విమర్శ న్యాయమైనదే.

కరణాల లెక్కల్లో మిక్కిలి సొగసైనది భిన్నాల రాత. పాతికను, పాతికలో పాతికైన వీసాన్ని, అంటే పదహారో వంతును, ఆధారంగా చేసుకున్న ఆ పద్ధతిలో పాతికలకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు గీసేవారు. ఒక నిలువు గీత పక్కన మూడు అడ్డగీతలుంటే పాతిక మీద మూడు వీసాలు, అంటే పదహారింట ఏడు వంతులు. కంప్యూటర్లు వాడే యూనికోడ్ అక్షర పట్టికలో 2008లో ఈ గుర్తులకు చోటు దక్కింది; రాసే చేతులు కనుమరుగయ్యాక గుర్తులు యంత్రంలోకి ఎక్కడం విచిత్రమే.

కరణం లెక్కకు పైన మరో అంచె ఉండేది. రైత్వారీ విధానంలో, అంటే ప్రభుత్వం రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే ఏర్పాటులో, ఏటా జరిగే జమాబందీలో పై అధికారులు గ్రామ లెక్కలను సరిచూసేవారు. కూడికలో తప్పుంటే అక్కడ దొరికేది, కానీ పొలాన్నే తప్పుగా రాసి ఉంటే కూడికలన్నీ సరిపోయినా లెక్క తప్పే, దాన్ని కనిపెట్టాలంటే పొలం గట్టు మీదికి వెళ్లాల్సిందే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. 2015లో మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అడంగల్, 1-బి అనే భూమి పత్రాలు తెర మీదికి వచ్చాయి. కరణం దస్తూరీ పోయింది గాని పొలానికీ పత్రానికీ పొంతన చూడవలసిన పని పోలేదు.

గణితశాస్త్రంలోనూ నేడు ఇదే చిక్కు తలెత్తింది. ఒప్పుకున్న మూలసూత్రాల నుంచి ఒక్కో మెట్టుగా తర్కం నడిపి సిద్ధాంతాన్ని రుజువు చేయడమే నిరూపణ. ఆ పని యంత్రానికి అప్పగించే యత్నం 1956లో న్యూవెల్, సైమన్, షాలు రూపొందించిన లాజిక్ థియరిస్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఊపందుకుంది. రసెల్, వైట్‌హెడ్‌ల గణిత తర్క గ్రంథంలోని ఒక అధ్యాయపు తొలి 52 సిద్ధాంతాల్లో 38 దానికి లొంగాయి. న్యూవెల్, సైమన్‌లు పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1969లో చేరి, యంత్రానికి మాట వినడం నేర్పే పరిశోధనతో 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్నారు.

2024 జూలైలో గూగుల్ డీప్‌మైండ్ వ్యవస్థలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నల్లో ఆరింట నాలుగు సాధించి, 42కు 28 మార్కులతో రజత స్థాయిని అందుకున్నాయి. వాటిలో ఆల్ఫాప్రూఫ్ నిరూపణలు లీన్ అనే భాషలో ఉన్నాయి. ప్రతి మెట్టునూ యాంత్రికంగా సరిచూసి, తర్కం తెగితే ఒప్పుకోని ఆ ఏర్పాటును జమాబందీతో పోల్చవచ్చు, అయితే అది అలసట ఎరుగని జమాబందీ. నమ్మించేలా మాట్లాడి తప్పు చెప్పే భాషా నమూనాలకు ఇది గట్టి కళ్లెం. కానీ ప్రశ్నలను లీన్‌లోకి మార్చినవారు మనుషులు. ప్రశ్నే తప్పుగా ఎక్కితే, యంత్రం వేరొక సిద్ధాంతాన్ని నిర్దోషంగా నిరూపిస్తుంది, లీన్ దాన్ని ఒప్పుకుంటుంది. ఇదే పొలం తప్పుగా ఎక్కిన అడంగల్ సంగతి.

మరుసటి ఏడాది ఆ సంస్థ నమూనా ఐదు ప్రశ్నలకు మామూలు భాషలోనే, పోటీకి ఇచ్చే గడువులోనే జవాబులు రాసి, 35 మార్కులతో స్వర్ణ స్థాయికి చేరింది. ఈసారి లీన్ కాపలా లేదు గనుక, ఆ జవాబులను వరుస వరుసగా చదివి మార్కులు వేసినది ఒలింపియాడ్ పరీక్షకులే.