ఆచార్యుని గుమ్మం ముందు

కొంతకాలం క్రితం అచ్యుతాపురంలో మా పొరుగు యువకుడొకడు నా దగ్గరకు వచ్చాడు. మదర్సాలో చదివి, తర్వాత చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేసినవాడు. వాల్తేరులో ఒక ఆచార్యుని పర్యవేక్షణలో పరిశోధన చేయాలని అతని కోరిక. "భాయ్‌సాబ్, మొదటిసారి కలిసినప్పుడు ఆయనతో ఏం మాట్లాడాలి? పెద్దవాళ్ళెవరి చేతనైనా సిఫారసు ఉత్తరం రాయించుకుని వెళ్తే పని అవుతుందా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. పన్నెండు శతాబ్దాల క్రితం మక్కాలో ఒక పేద విద్యార్థికి ఇదే ప్రశ్న ఎదురైంది. అతడే తర్వాతి కాలంలో ఇమామ్ షాఫయీ (ర.అలై) గా ప్రసిద్ధి చెందారు. ఆయన హిజ్రీ 150 (క్రీ.శ. 767) లో గాజాలో జన్మించారు. తండ్రి చనిపోగా తల్లి ఆయనను మక్కాలో పెంచింది. కాగితం కొనే శక్తి లేక ఎముకల మీద పాఠాలు రాసుకున్నారని చరిత్రకారులు చెబుతారు. మదీనాలో ఇమామ్ మాలిక్ (ర.అలై) వద్ద చదవాలని ఆయన కోరుకున్నారు. అయితే ప్రయాణానికి ముందే ఇమామ్ మాలిక్ గ్రంథమైన 'మువత్తా'ను సంపాదించి, మొత్తం కంఠస్థం చేశారు. అటు తర్వాతే మదీనాకు బయలుదేరారు.

ఆయన చేతిలో మక్కా అధికారి రాసిన సిఫారసు ఉత్తరం కూడా ఉంది. ఆ ఉత్తరం చూసి ఇమామ్ మాలిక్ సంతోషించలేదు సరికదా, ప్రవక్త (స) విద్యను కూడా సిఫారసులతో అడిగే రోజులు వచ్చాయా అని నొచ్చుకున్నారట. అప్పుడా యువకుడు ఉత్తరం మాట వదిలి తన సంగతి తానే చెప్పుకున్నాడు. చదివి వినిపించేవారిని వెంటబెట్టుకుని మర్నాడు రమ్మన్నారు ఇమామ్. నేనే చదువుతానన్నాడు విద్యార్థి. ఆ పఠనం విన్న గురువు ఇంకా చదవమని కోరారు. హిజ్రీ 179 (క్రీ.శ. 795) లో ఇమామ్ మాలిక్ మరణించేవరకు ఆ గురుశిష్య సంబంధం కొనసాగింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఉత్తరం ఆయనను గుమ్మం వరకే తీసుకువెళ్ళింది. లోపలికి తీసుకువెళ్ళింది చదువు. అంతేకాదు, తర్వాతి కాలంలో ఇమామ్ షాఫయీ అనేక ధర్మసూత్రాల్లో తన గురువుతో విభేదించారు. గురువు గ్రంథాన్ని అంత లోతుగా చదివినవాడు కనుకనే ఆ విభేదానికి విలువ ఏర్పడింది.

గురువును ఎన్నుకోవడంలోనూ తొందర పనికిరాదని పూర్వులు చెప్పారు. జర్నూజీ రచించిన 'తాలీముల్ ముతఅల్లిమ్' మన మదర్సాలలో చాలామందికి తెలిసిన చిన్న గ్రంథం. బుఖారా వెళ్ళే విద్యార్థి రెండు నెలల పాటు విచారించి, ఆ తర్వాతే గురువును ఎన్నుకోవాలన్న సలహా అందులో ఉంది. మధ్యలో గురువును విడిచిపెట్టవలసివస్తే అంతవరకు చేసిన శ్రమంతా వృథా అవుతుందన్నదే దానికి కారణం. నేటి పరిస్థితిలో ఈ సలహాకు మరో అర్థం కూడా ఉంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురు పిహెచ్.డి. విద్యార్థులను మించి తీసుకోకూడదు. కాబట్టి ఆయన వద్ద ఖాళీ ఉన్నదా అని అడగడం అమర్యాద కాదు, అవసరం.

ఇక విషయం మాట. మా యువకుడు "ఉత్తరాంధ్ర ముస్లింల చరిత్ర" మీద పరిశోధన చేస్తానన్నాడు. అది ఒక జీవితకాలానికి కూడా సరిపోని విషయం. హైదరాబాదులో 1908లో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాను చూడండి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఆయన తీసుకున్న విషయం ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత. 1935లో పారిస్‌లో సమర్పించిన పరిశోధన ప్రవక్త (స), తొలి ఖలీఫాల కాలపు దౌత్యం గురించి. ప్రశ్న ఇరుకైనది, దాని కింద చదువు మాత్రం విశాలమైనది.

"శ్రీకాకుళం సర్కారును తీసుకో" అన్నాను అతనితో. గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ జామియా మసీదు కట్టించాడు. 1753లో ఆ సర్కారు ఫ్రెంచివారికి దక్కింది. 1766 ఒప్పందంతో ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఈ మార్పుల్లో అక్కడి ఖాజీలు, ఇనాందారులు ఏమయ్యారు? ఇది ఒక ప్రశ్న. దీనికి కార్మైకేల్ 1869లో ప్రచురించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్ మొదట చదవాలి. తర్వాత హైదరాబాదు రాజ్యాభిలేఖాగారంలోని పారశీక పత్రాలు, మద్రాసులోని కంపెనీ దస్తావేజులు వెతకాలి. మదర్సా చదువును దాచుకోవలసినదిగా అతడు భావిస్తున్నాడు. అరబీ, పారశీకం, తెలుగు మూడూ చదవగల విద్యార్థి చరిత్ర శాఖలో ఎంత అరుదో అతనికి తెలియదు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికీ సిద్ధపడాలి. ఇమామ్ మాలిక్‌ను ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు "నాకు తెలియదు" అన్నారని ప్రసిద్ధి. గురువుకే తగిన మాట శిష్యునికి తగదా?

ఇదంతా అనుభవంతోనే చెబుతున్నాను. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఒక ఆచార్యుని వద్దకు వెళ్ళాను. మా ఉస్తాద్ గారి ఉత్తరం నా చేతిలో ఉంది. ఆయన దాన్ని మర్యాదగా చదివి పక్కన పెట్టి, "నా వ్యాసాల్లో మీరు చదివినవి ఏవి?" అని అడిగారు. నేను ఒక్కటీ చదవలేదు. చదివి మళ్ళీ రమ్మని ఆయనే అన్నారు. సిగ్గుతో నేను తిరిగి వెళ్ళలేదు. అనువాదకుణ్ణయ్యాను, అందుకు విచారం లేదు. కాని ఆ గుమ్మం ఎక్కకుండా నన్ను ఆపింది ఎవరో కాదు, నేనే.

మా యువకుడు మళ్ళీ వచ్చినప్పుడు ఉత్తరం మాట ఎత్తలేదు. ఆ ఆచార్యుని వ్యాసాలు రెండు చదివాననీ, రెండవదానిలో ఒక సంగతి అర్థం కాలేదనీ అన్నాడు. ఏమిటది అని నేను అడగబోయి ఆగాను. "ఆ మాట ఆయననే అడుగు, తొలి సంభాషణ అక్కడి నుంచే మొదలుపెట్టు" అని చెప్పి పంపాను.